కొత్తకోట – పాతపెట్టె

పాలమూరు సీమను కన్నులార చూడనివారు దానిని కరవుసీమ యని మాత్రమే తలంతురు. భాద్రపదము కడచి ఆశ్వయుజము ప్రవేశించు దినములలో జడ్చర్ల దాటి దక్షిణముగా పోయి చూచినచో ఆ తలంపు కొంత సడలును. దారికి ఇరుప్రక్కల తంగేడు విరియబూచి యుండును. చెలకలలో ఆముదపు మొక్కలును, ప్రత్తియును, జొన్నయు కనబడును. గుట్టలపై గుండ్రని బండలు, ఎవరో పనిగట్టుకొని పేర్చినట్లు, ఒకదానిపై నొకటి నిలిచి యుండును. హైదరాబాదునుండి కర్నూలు మీదుగా బెంగుళూరునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారిపై, అడ్డాకుల దాటిన పిమ్మట, పెబ్బేరునకు ముందుగా కొత్తకోట కలదు. 2016 అక్టోబరు 11వ తేదీ వరకు ఈ యూరు మహబూబునగరు జిల్లాలోనిది. నాటినుండి వనపర్తి జిల్లాలోనిది. రైలుబండిలో పోవువారు మదనాపురము చెంతనున్న వనపర్తి రోడ్డు స్టేషనులో దిగవలెను.

మావారి పాఠశాలకు దసరా సెలవు లిచ్చిన మరునాడు మేము కొత్తకోటకు పోయితిమి. మావారి పినతల్లిగారి యిల్లు అచట కలదు. ఆమె మనుమరాలు పురిటికై పుట్టింటికి వచ్చి యుండెను. బతుకమ్మ పండుగయు, పురుటి సన్నాహమును ఒక్కమారే వచ్చినందున ఇంట సందడి మెండుగా నుండెను.

ఊరు మిక్కిలి పెద్దది కాదు, చిన్నదియు కాదు. రహదారి చెంత లారీల మ్రోత, ఫలహారపు దుకాణముల పొగ. లోపలి వీధులలోనికి కొంత దూరము నడచినచో మగ్గపు చప్పుడు. కొత్తకోట, అమరచింత ప్రాంతముల నేత గద్వాల నేతకు దగ్గరి చుట్టము. గద్వాల చీరలో నడుమ భాగము నూలు. అంచును కొంగును పట్టు. నూలుపోగును పట్టుపోగును కలియుచోట ఒకదానితో నొకటి మెలిపెట్టి కుప్పడ మను పద్ధతిని నేయుదురు. ఒకే చీరలో చెట్టునుండి పుట్టిన పోగును, పురుగునుండి పుట్టిన పోగును ప్రక్కప్రక్కన నున్నవను మాటను పాఠకురాండ్రు గుర్తుంచుకొన వలెను. ముందు దీనితో మనకు పనియున్నది.

ఒక నేతగాని యింటికి పోయి చూచితిమి. గుంటమగ్గముపై అతడు నేయుచుండ, ఇల్లాలు ప్రక్కన కూర్చుండి కండెలు చుట్టుచుండెను. గుంటలోని నేల చెమ్మ నూలుపోగు ఊరక తెగకుండ కాపాడును. కాని ఆ చెమ్మయే ఇనుమునకు పగ. పడుగుపోగులన్నియు అచ్చు పన్నెల సందులనుండియే రావలెను గదా. పూర్వపు అచ్చులు వెదురుపుల్లలతో కట్టినవి, ఇప్పటివి లోహపువి. మామూలు ఉక్కు అచ్చును వానకాలమున కొన్ని దినములు పడుగుపై కదల్పక వదలినచో, అది తుప్పుపట్టి బట్టపై ఈ యంచునుండి ఆ యంచువరకు గోధుమవన్నె చార గీయును. అందుచేతనే తుప్పుపట్టని ఉక్కుతో చేసిన అచ్చుల నిప్పుడు వాడుచున్నారు. ఈ మాట వచ్చినప్పుడు ఆ యిల్లాలు కండె నాపి, “చీర పుట్టక ముందే జంగు కాసుకొని కూసుంటదమ్మా!” అనెను.

తుప్పు, జంగు, చిలుము అని మన యిండ్లలో వాడుక. అమరకోశమున ఇనుపమలమునకు మండూరము, సింహాణము అని పేళ్లు చెప్పబడినవి. వైద్యులు మండూరమును శుద్ధిచేసి భస్మముగా మార్చి పాండురోగమునకు మందుగా ఇత్తురు. మనుష్యుని నెత్తుటికి బలమిచ్చు ఇనుమే వస్త్రమునకు క్షయరోగ మగుట వింత. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెటపోట్లు తప్పవని సామెత. ఇనుముతో కూడిన వస్త్రమునకు సమ్మెట లేకయే పోట్లు తగులును.

కరవుసీమలో తుప్పేమిటని కొందరు శంకింపవచ్చును. ఈ నేల ఎల్లకాలము ఎండియుండునది కాదు. కొత్తకోట సమీపముననే సరళాసాగరము కలదు. వనపర్తి సంస్థానపు రాజా రామేశ్వరరావుగారు తమ తల్లి సరళాదేవిగారి పేర దానిని తలపెట్టగా, 1959లో పూర్తియైనది. చెరువు నిండి నీరు ఒక మట్టమునకు రాగానే, మనుష్యుల చేయి సోకకయే, సైఫను గొట్టములు తమంతట తామే నీటిని వెలుపలికి లాగివేయును. అట్టి యేర్పాటుగల చెరువునకే 2019 డిసెంబరు 31వ తేదీన గండిపడి నీరంతయు పోయినది. వేసవి యెండయు, వానకాలపు ముసురును రెండును ఎరిగిన సీమ యిది.

తుప్పునకు వరద అక్కరలేదు. గాలిలోని తేమ నూటికి 60 పాళ్లు దాటినచో చాలును. ఇనుపరేకుపై కంటికి కనబడని నీటిపొర నిలుచును. నీటితో ప్రాణవాయువు కూడినప్పుడు ఇనుము తుప్పుగా మారును. వానకాలమున పగటివేళ పెట్టెలోని గాలి వెచ్చబడి తేమను మోయును. రాత్రి రేకు చల్లబడగా, చల్లని నీరు పోసిన చెంబునకు చెమట పట్టినట్లు, ఆ తేమ రేకు లోపలి ప్రక్కన దిగును. పెట్టెను గోడకు ఆనించి, నేలపై నుంచి, సగము తడియారిన బట్టలను మడిచి పెట్టినచో చెప్పవలసిన పనియే లేదు. ఎండాకాలమున నిద్రపోయిన తుప్పు వానకాలమున మేల్కొనును. బతుకమ్మకు పట్టుచీరలు తీయు దినముననే దాని పని బయటపడును.

చిన్నత్తగారి పెట్టె బయటకు వచ్చినది ఆ విధముగనే. ఎంగిలిపూల బతుకమ్మనాటి ఉదయమున మనుమరాలికి కట్టుటకు ఒక చీర తీయవలెనని దానిని వసారాలోనికి తెప్పించిరి. పాత ఇనుపరేకు ట్రంకుపెట్టె. పైన పూలు చిత్రింపబడి యున్నవి, అడుగున రంగు లేచిపోయినది. అందులో పైన రవికెలు, వాని క్రింద ఆమె పెండ్లినాటి గద్వాల చీర, అన్నిటికి అడుగున సగము కుట్టిన బొంత యొకటి. బొంత ఆమె తల్లిగారి చేతిపని. తొలి చూలునకు పుట్టిన బిడ్డను దానిపై పరుండబెట్టవలెనని కుట్ట మొదలిడి, ఆ తల్లి నడుమనే కన్నుమూసెనట. నాటినుండి ఎవ్వరును దానిపై సూది పెట్టలేదు. ఇప్పుడు మునిమనుమరాలి బిడ్డ దానిపై పరుండవలెనని చిన్నత్తగారి కోరిక.

మడతలు విప్పగనే అందరి ముఖములును మారినవి. రవికెల హుక్కులు తాకినచోట్ల గుండ్రని గోధుమచుక్కలు. చీర మడతకు గ్రుచ్చిన పిన్నీసు బట్టకు అతుకుకొని యుండెను; దానిని తీయగా ఆ చోట ఒక చిన్న రంధ్రము. బొంత అడుగుభాగమున, పెట్టె రేకు తగిలినంత మేరయు, మూలలలో జాజువన్నె పొర. “గీ డాగులు పోతయా బిడ్డా?” అని చిన్నత్తగారు మమ్ము అడిగిరి.

పెట్టె తెరచినప్పుడు కనబడు మరక లన్నియు తుప్పు కావు. ఆనాడే మేము మూడు విధములైన మరకలను చూచితిమి. గోధుమవన్నె గాని జాజువన్నె గాని కలిగి, నడుమ ముదురుగను అంచున పలుచగను ఉన్నది తుప్పు; అది ఇనుమునుండి పుట్టినది. జరీలోని రాగి చెమ్మ తగిలి పచ్చబడును. ఇత్తడి హుక్కు తాకినచోటను అట్టి పచ్చన కలుగును. జరీపై వెండి కళతప్పి నల్లబడుట మూడవది. ఈ మూటికిని మందు ఒక్కటి కాదు. పచ్చనైన జరీపై నిమ్మరసము పిండినచో పచ్చనతోపాటు రాగియు, వెండియు దెబ్బతిని జరీ వెలవెలబోవును.

మా తోటికోడలు ఇంటిపనిలో నేర్పరి. ఆమె వెంటనే స్నానపుగది కడుగు బ్లీచింగు నీళ్ల సీసా తెచ్చినది. “ఒక్క మూత పోసి నానబెడితె తెల్లగైతది” అనెను. మేము ఆమె చేయి పట్టుకొని, “అక్కా, ఒక్క నిమిషము ఆగుము. పట్టుపై ఆ నీరు పడినచో అంచు మిగులదు” అంటిమి. బ్లీచింగు నీరు పట్టుపోగును కరగదీయును. పట్టు పురుగునుండి వచ్చినది. మన వెండ్రుకవంటి జాతిది. నూలు కరగకపోయినను, తుప్పుమరకపై బ్లీచింగు పడినచో ఇనుమునకు మరింత బలము వచ్చును. మరక పోవుటకు మారుగ గట్టిపడి, పోగు నీరసించును. సబ్బు, చాకలిసోడా మొదలగు క్షారములును తుప్పును కరిగింపలేవు. దానిని బట్టలో మరింత నిలుకడ చేయును. మరకపై ఇస్త్రీపెట్టె నడపుట అన్నిటికంటె చెడ్డది. వేడి ఆ మరకను ముద్రవేసినట్లు చేయును.

తుప్పు బట్టకు అంటిన రంగు మాత్రమే యైనచో ఇంత చింత అక్కరలేదు. అది పనిచేయుచునే యుండును. తుప్పులోని ఇనుము, తేమతోను గాలితోను కలిసి, నూలుపోగును లోలోపల కాల్చును. మంట లేదు, పొగ లేదు. కాని పోగు బూడిదవలె పెళుసగును. అందుచేతనే మరక నడుమ మొదట పెళుసుదనము, పిదప రంధ్రము కలుగును. కాబట్టి మరకను చూచి మొదట అడుగవలసిన ప్రశ్న, “ఇది పోవునా?” అనునది కాదు, “ఇచట పోగు ఇంకను బ్రతికి యున్నదా?” అనునది. వ్రేలితో మెల్లగ తాకి, బట్టను వెలుతురునకు ఎత్తి చూచినచో జవాబు దొరకును. పోగు చచ్చినచోట ఏ మందును వేయరాదు. తడిసినంతనే అది విడిపోవును.

ఇక మేము చేసిన పని. మొదట తడి తగులనీయక, మెత్తని కుంచెతో పొడితుప్పును దులిపితిమి. రవికెలలో తెల్లని మలమలు రవికె యొకటి గట్టిగ నుండెను. దానిని మొదట తీసికొంటిమి. రవికెల హుక్కులన్నిటిని ముందే కత్తిరించి తీసివేసితిమి, ఏలయన మూలమును ఉంచి మరకను కడుగుట ఓటికుండలో నీరు పోయుటయే. మరక క్రింద మడిచిన తెల్లగుడ్డ పెట్టి, మంచినీటితో తడిపి, వడగట్టిన నిమ్మరసమును చుక్కచుక్కగ వేసితిమి. నిమ్మపండులోని పులుపు ఇనుమును పట్టి నీటిలోనికి తెచ్చును. అంగట దొరకు నిమ్మఉప్పును ఒక గిన్నెడు నీటిలో చెంచాడు కలిపినను అదే గుణము. పావుగంటకు మించక, ఎండనీయక, నీడపట్టున ఉంచి, పిదప నాలుగైదుమార్లు మంచినీటితో జాడించితిమి. అవసరమైనచో మరల చేయవచ్చును. పులుపు బట్టలో ఎండినచో అదియు పోగును తినును. కావున జాడించుటలో సోమరితనము కూడదు. ఉప్పు రాచి నిమ్మరసము పిండి ఎండలో పరచుట పెద్దల వాడుక. క్రొత్తదియు గట్టిదియు నైన తెల్లబట్టకు అది చెల్లును. ఏండ్లనాటి బట్ట అంత యెండను, అంత రాపిడిని ఓర్వదు.

రంగు బట్టయైనచో మడత లోపలి కుట్టుప్రక్కన ఒక చుక్క వేసి, తెల్లగుడ్డతో అద్ది చూడవలెను. నీలిమందు రంగు పులుపునకు జడియదు. పటిక పట్టించి వేసిన పాతకాలపు ఎరుపులు సడలవచ్చును. చింతపండు పులుసును వాడుదమని మా తోటికోడలు అడిగినది. దానిలోను ఇనుమును విడిపించు పులుపు ఉన్నది గాని, పులుసునకు తన గోధుమరంగు ఉండనే యున్నది. ఇత్తడి బిందెకు తగినది చీరకు తగదు. ఇనుప సామానుల దుకాణములలో తుప్పు పోగొట్టుటకు అమ్ము ఆక్సాలిక్ ఆమ్లము విషము. పిల్లలుగల యింట దానిని బట్టలకు వాడవలదు.

మలమలు రవికె మూడుమార్లకు తెలుపు తేలినది. చీర సంగతి వేరు. నడుమనున్న నూలుభాగమున రెండు మరకలు వెలిసి, చూడవలెనని చూచినగాని కనబడనంత పలుచనైనవి. పిన్నీసు మరక మాత్రము పట్టంచుపై, జరీ ప్రక్కనే ఉన్నది. దానిని మేము తాకలేదు. ఆ రంధ్రము చుట్టును లోపలి ప్రక్కన మెత్తని పట్టుగుడ్డ ముక్క పెట్టి, సన్నని సూదితో గట్టిపోగులను మాత్రము పట్టి కుట్టితిమి. మరక అట్లే యున్నది. చీర మాత్రము ఇక చిరుగదు.

రవికెలలో ఒకదానిపై మరక గోధుమవన్నెగాక నల్లగ నుండెను. పురుగు పట్టకుండ వేసిన వేపాకు పొడియై ఆ రవికె మడతలో చేరియున్నది. ఆకులలోని వగరును ఇనుమును చెమ్మలో కలిసినచో నలుపు పుట్టును. ఇది పెట్టెలో పుట్టినచో దోషము. కళాకారుని చేతిలో పుట్టినచో గుణము. శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలకు వాడు కసిమి అను నల్లసిరా ఇట్టిదే. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో నానవేసి, వారముల తరబడి పులియబెట్టి తీసిన నీరు అది. కరక్కాయ వగరు పట్టించిన బట్టపై కలముతో ఆ నీటిని గీచినంతనే గీత నల్లబడును. పురాణకథల బొమ్మలకు రూపురేఖ లిచ్చునది ఆ తుప్పే.

ఆ నలుపునకును ఇనుపగుణము తప్పలేదు. అమెరికాలో 19వ శతాబ్దమున గుడ్డముక్కలు చేర్చి కుట్టిన బొంతలలో ఇనుముతో రంగువేసిన ముదురు గోధుమ, నలుపు ముక్కలు మాత్రము పొడియై రాలిపోవుటయు, వాని ప్రక్కనున్న ఇతర రంగుల ముక్కలు చెక్కుచెదరక యుండుటయు తరచు కనబడును. ఏ సముద్రము దాటినను ఇనుమునకును నూలునకును ఉన్న పగ ఒక్కటియే. మన యిండ్లలోను పాతనలుపు అద్దకము గల బట్టలను పులుపునకు దూరముగ నుంచవలెను. నిమ్మరసము మరకను తీయబోయి నలుపునే తీసివేయును.

ఇక బొంత. బొంతను సంస్కృతమున కంథ యందురు. సన్న్యాసులు పేలికలతో కుట్టుకొని ధరించునదియు, వంగదేశపు స్త్రీలు చిత్రముగ కుట్టు కాంథాయు ఆ మాటనుండి వచ్చినవే. మన సీమలో బొంత బైరాగికిని కావలయును, బాలింతకును కావలయును. పాత నూలుచీరలను మూడు నాలుగు పొరలుగ నేలపై పరచి, మూలలయందు బరువులుంచి, అంచునుండి నడుమకు వరుసలు వరుసలుగ కుట్టుకొని వత్తురు. చిన్నత్తగారి తల్లి కుట్టిన వరుసలు వ్రేలివెడల్పున, దారముతో గీత గీచినట్లు సాగి, మూడువంతులు నిండి, ఒక్కచోట నిలిచిపోయినవి.

నిలిచిపోయిన ఆ చోటనే మాకు భయము కలిగినది. కుట్టు నడుమ ఆపువారు సూదిని ఎచట ఉంతురు? బొంతలోనే గ్రుచ్చి ఉంతురు. ఆ వరుస చివర దారము వ్రేలాడుచున్నది, సూది లేదు. దాని చుట్టును అరచేతి వెడల్పున తుప్పు. సూది ఎవరైన తీసిరో, విరిగి పొరల నడుమ ఉన్నదో చెప్పగలవారు లేరు. మావారు అంగడివీధిలోని దర్జీ దుకాణమునకు పోయి, అతడు క్రిందపడిన సూదులేరుటకు ఉంచుకొనిన సూదంటురాయిని అడిగి తెచ్చిరి. ఆ రాతికి మనవారు పెట్టిన పేరు ఎంత తగినదో ఆనాడు తెలిసినది. బొంతను బల్లపై పరచి, రాతిని మెల్లగ జరపుచు పోగా, ఒకచోట గుడ్డ తానే లేచి రాతిని అంటుకొనెను. చిన్నత్తగారి మనుమరాలు నిట్టూర్చి కడుపుపై చేయి వేసికొనెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. సూదంటురాయి ఇనుమును పట్టును గాని, పూర్తిగ తుప్పైపోయిన ముక్కను చాలవరకు పట్టదు. ఇత్తడి గుండుసూదిని అసలే పట్టదు. కాబట్టి రాయితో వెదకిన పిమ్మట, అంగుళము అంగుళము రెండు చేతుల బొటనవ్రేళ్ల నడుమ మెల్లగ తడవి చూడవలెను. అట్లు చూడగా రెండవ ముక్కయు దొరకినది. మొనవైపు భాగము, అదికూడ కుట్టుదారపు క్రిందనే. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి సూది పూర్తియైనదో లేదో చూచుకొంటిమి. పాతసూది గ్రుచ్చుకొన్నచో ధనుర్వాత మేమో యని భయపడుదురు. ఆ రోగము తుప్పువలన కాదు, మట్టిలోనుండి గాయములోనికి చొచ్చు క్రిమివలన వచ్చును. ఐనను గాయమునకు కారణము వెదకుచు కూర్చుండక, ఆసుపత్రికి పోయి టీకా సంగతి అడుగుటయే మంచిది.

సూది పోయిన పిమ్మట బొంతపై మరక మిగిలినది. అచటి పైపొర పోగులు పెళుసై యున్నవి. మా తోటికోడలు ఆ మూల కోసివేయుదమనెను. చిన్నత్తగారు ఏమియు మాటాడక ఆ వరుసలను వ్రేళ్లతో తడవుచుండిరి. కోసినచో కుట్టు నిలిచినచోటు పోవును. ఉంచినచో పెళుసు బట్ట పసిబిడ్డ క్రింద రాలును. మేము మూడవ దారి చెప్పితిమి. తుప్పు తగిలినమేర నిమ్మరసము వేయక, క్రిందను పైనను మెత్తని పాత నూలుగుడ్డ ముక్కలు పెట్టి, మరక అంచు దాటి రెండు వ్రేళ్ల వెడల్పు గట్టి బట్టను పట్టి కుట్టవలెను. అప్పుడు చచ్చిన పోగుపై బరువు పడదు. మిగిలిన భాగమును కుంకుడు పులుసుతో, పిండక, అరచేతితో అదిమి ఉతికి, ఇనుపతీగపై కాక మంచముపై తెల్లదుప్పటి పరచి ఆరవేయవలెను.

ఆ రీతిగనే జరిగినది. మూడు దినములు మేమును మా తోటికోడలును కుట్టితిమి. మిగిలియున్న పావువంతు వరుసలను చిన్నత్తగారు తామే పూర్తిచేసిరి. వారి వరుసలు తల్లిగారి వరుసలంత సూటిగ లేవు. “అమ్మమ్మా, ఆ డాగు కనబడుతనే ఉన్నది” అని మనుమరాలు వేళాకోళమునకు అనగా, ఆమె, “గుచ్చేది పోయింది గదా బిడ్డా, మచ్చ ఉంటె ఏంది?” అనిరి. ఐనను బిడ్డ యొడలికి మొదట క్రొత్త పొత్తిగుడ్డయే తగులవలెననియు, బొంత దాని క్రింద నుండవలెననియు అందరును కలిసి నిశ్చయించుకొంటిమి.

పెట్టెను మరల సర్దునప్పుడు మేము పాటించిన విధుల నిచట వ్రాయుచున్నాము. రవికెల హుక్కులను తీసిగాని, వానిపై మందపు నూలుగుడ్డ కప్పిగాని మడవవలెను. మడతలో పిన్నీసు, గుండుసూది, దారపుకండెతోడి సూది ఉండరాదు. కుట్టు నడుమ ఆపినచో సూదిని బొంతలో గ్రుచ్చక, వేరు గుడ్డకు గ్రుచ్చి వేరు డబ్బాలో దాచవలెను. ట్రంకుపెట్టె లోపల తుప్పుండినచో గరుకుకాగితముతో రుద్ది, రంగు వేయించి, అది పూర్తిగ ఆరి వాసన పోయిన పిమ్మట, ఉతికిన తెల్లని నూలుగుడ్డను అడుగునను ప్రక్కలను పరచవలెను. పెట్టెను నేలకు ఆనింపక నాలుగు ఇటుకలపై, గోడకు జానెడు ఎడముగ నుంచవలెను. వేపాకును మూటగట్టియే వేయవలెను. బోరునీటిలో ఇనుపపా లున్న ఊళ్లలో ఆ నీటితో జాడించిన తెల్లబట్టలకు పచ్చని మచ్చలు పడును. కడపటి జాడింపునకు వాననీరో, వడపోసిన నీరో వాడుట మేలు.

సంవత్సరమునకు రెండుమార్లు పెట్టె తెరువవలెను: వానలకు ముందొకమారు, బతుకమ్మ వేళ ఒకమారు. తెరచినప్పుడు మడతలు మార్చవలెను. ఒకేచోట మడిచిన బట్ట తుప్పు లేకున్నను ఆ గీతవెంట చిరుగును. ఇక వరదమాట. 2009 అక్టోబరు మొదటి దినములలో తుంగభద్ర పొంగి రాజోలి నేతగాండ్ర యిండ్లను ముంచినది. అట్టి ఆపద వచ్చినప్పుడు తడిసిన ఇనుపపెట్టెను “తరువాత చూతము” అని మూసి ఉంచరాదు. ప్రాణములు దక్కిన పిమ్మట బట్టలకై చేయవలసిన తొలిపని, వానిని ఇనుమునుండి వేరుచేసి, మంచినీటితో బురద జాడించి, గాలి తగులనిచ్చుట. ఎండకముందు తుప్పు సగము శత్రువు. ఎండిన పిమ్మట పూర్తి శత్రువు.

ఈ వ్యాసము చదువుచున్న సోదరీమణుల యిండ్లలోను ఎచటనో ఒక పెట్టె అడుగున ఒక బొంత యుండును. కుట్టినవారు ఇప్పుడు ఉండకపోవచ్చును. దానిని తీసి పసిబిడ్డ క్రింద పరచుటకు ముందు సూదంటురాయి నొకదానిని సంపాదించి మెల్లగ దానిపై జరపుడు. పిదప వ్రేళ్లతో తడవి చూడుడు. మొదట సూది, పిదప పోగు, కట్టకడపట మరక. ఈ వరుస తప్పనిచో పాతబట్ట మన చేతిలో మరికొన్ని యేండ్లు బ్రతుకును.